పిలకాయల ఉయ్యాలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

స్కూలు బస్సుకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. జూన్‌లో బడులు తెరిచే వేళకు రవాణా శాఖ వాళ్లు బ్రేకులు, టైర్లు, అత్యవసర ద్వారం చూసి కాగితం ఇస్తేనే ఆ బస్సు రోడ్డెక్కాలి. గుడి రథం కదలబోయే ముందు ఇంజినీర్లు వచ్చి చక్రాలు, ఇరుసులు చూసి వెళతారు. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పెట్టాలన్నా అనుమతులు కావాలి. మరి ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, సాయంత్రమైతే చాలు ఊపిరాడకుండా ఊగే పార్కు ఉయ్యాలకో? దానికి కాగితం ఎవరిస్తారు? ఎన్నేళ్లకు మార్చాలని ఎవరు లెక్క రాస్తారు?

నాది ఉదయగిరి. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆత్మకూరులో కూతురి దగ్గర ఉంటున్నా. పిల్లలు ఆడుకునేటప్పుడు ఒక ఓరగా నిలబడి చూడటం నా ఉద్యోగంలో సగం పని. రిటైరయ్యాక జీతం ఆగింది గానీ ఆ అలవాటు ఆగలేదు. ఏ ఊరికి పోయినా అక్కడి పార్కులో ఉయ్యాలలు, జారుడుబల్లలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసి వస్తాను. చూసిన కొద్దీ ఒక సంగతి అర్థమైంది. కొత్త పార్కు ప్రారంభించడానికి రిబ్బను, కత్తెర సిద్ధంగా ఉంటాయి. ఆ పార్కు ముసలిదయ్యే రోజు కోసం మాత్రం ఎవరూ ఏదీ సిద్ధం చేసి పెట్టుకోరు.

జారుడుబండ అంటే నిజంగా బండే

మన తెలుగులో ‘జారుడుబండ’ అన్న మాట చూడండి. ఇనప రేకుతో చేసినా, ప్లాస్టిక్‌తో చేసినా దాన్ని మనం ఇంకా ‘బండ’ అనే అంటాం. ఎందుకంటే పార్కులు రాకముందు మనకు జారుడుబండ అంటే నిజంగా బండే. ఉదయగిరి లాంటి కొండ కింది ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. తరతరాల పిల్లల నిక్కర్లు రాసుకుని రాసుకుని నున్నగా మెరిసే బండ ఒకటి ప్రతి ఊరి పక్కనా ఉండేది. దానికి మరమ్మతు లేదు, టెండరు లేదు.

ఉయ్యాల సంగతి వేరు. అట్లతద్దికి చింతచెట్టుకో వేపచెట్టుకో ఉయ్యాల వేసేవాళ్లు. నిరుడు వాడిన మోకు ఈసారికి పనికొస్తుందా లేదా అని ముందు ఇంట్లో మగవాళ్లు లాగి చూసేవాళ్లు. పీచు లేచిందంటే పక్కన పడేసి కొత్త మోకు తెచ్చేవాళ్లు. కొమ్మ ఆగుతుందో లేదో ఒక పెద్దాయన ఎక్కి ఊగి చూశాకే ఆడపిల్లల వంతు. అంటే ఏడాదికోసారి తనిఖీ, అవసరమైతే మార్పిడి. ఇప్పుడు ఇంజినీర్లు చెప్పే మెయింటెనెన్స్ అంటే ఇదే కదా! మన అమ్మమ్మల కాలంలో అది పండగలో భాగంగా నడిచిపోయింది.

ఇనప సామాన్ల ఆటస్థలాలు మొదలై వందేళ్లు దాటింది. ఇంగ్లండులోని కెట్టరింగ్ అనే ఊళ్లో చార్లెస్ విక్‌స్టీడ్ అనే ఇంజినీరు 1921లో ఒక పార్కు తెరిచాడు. ఉయ్యాలలు, జారుడుబల్లలు తన ఫ్యాక్టరీలోనే చేయించి పెట్టాడు. అమెరికాలో సెబాస్టియన్ హింటన్ అనే లాయరు 1923లో, పిల్లలు ఎక్కి దిగే ఇనప కడ్డీల చట్రానికి పేటెంటు పొందాడు. మన పార్కుల్లో కనపడే గుండ్రటి కడ్డీల గూడు దాని మనవడే. ఈ వందేళ్లలో ఆ దేశాల వాళ్లు నేర్చుకున్న పెద్ద పాఠం ఒకటుంది. ఆటస్థలం కట్టడం ఒక రోజు పని, దాన్ని చూసుకోవడం ప్రతిరోజూ పని.

రంగు పైన, తుప్పు లోపల

మూడేళ్ల కిందట మా మనవరాలు ఒక ఊరి పార్కులో ఉయ్యాల మీంచి పడింది. ఊరి పేరు ఇక్కడ అనవసరం. గొలుసును పై కడ్డీకి తగిలించే కొక్కెం అరిగి అరిగి నోరు తెరుచుకుని ఉంది. ఊపు అందుకున్న సమయంలో ఒక పక్క గొలుసు జారింది. పిల్ల వచ్చి సిమెంటు పలకల మీద పడింది. చేయి విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. కట్టు విప్పాక అది అడిగిన మొదటి మాట, “అమ్మమ్మా, ఆ ఉయ్యాల బాగుచేశారా?” అని. వెళ్లి చూస్తే అక్కడ ఉయ్యాలే లేదు. స్టాండు మాత్రం నిలబడి ఉంది. ఎవరో ఫిర్యాదు చేసినట్టున్నారు, గొలుసులు కోసేశారు. ఆ తర్వాత కొత్తవి రాలేదు.

మన చిన్న ఊళ్ల పార్కుల కథ చాలాచోట్ల ఈ రెండు ముక్కలే. విరిగేదాకా ఎవరూ చూడరు, విరిగాక ఎవరూ పెట్టరు. మొదటిదాంట్లో ఒక బిడ్డ చేయి విరుగుతుంది. రెండోదాంట్లో ఊరి పిల్లలందరికీ ఆట పోతుంది.

ఈ సంగతి మాకు తెలిసిన ఒక వెల్డింగ్ మేస్త్రీతో అంటే, ఆయన నాకు పెద్ద పాఠమే చెప్పాడు. “టీచరమ్మా, రంగు చూసి మోసపోబాకండి. పైన కొత్త పెయింటు కొట్టేస్తే పాత పైపు కూడా పెళ్లికూతురే. పైపు భూమిలోకి దిగే చోట మట్టి తీసి సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే బాగుండాది. బొద్దుగా పలికిందంటే లోపల తినేసుండాది,” అన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజం. పైపు మొదట తుప్పు పట్టేది నేలకూ గాలికీ మధ్య, తడి ఆరని ఆ రెండు మూడు అంగుళాల దగ్గరే. ఆ తర్వాత చూడాల్సినవి వెల్డింగ్ అతుకులు, గొలుసు తగిలించే కొక్కేలు, గొలుసు లింకులు, రంగులరాట్నం కింద తిరిగే బేరింగు. ప్లాస్టిక్, ఫైబర్ సామాన్లకు తుప్పు లేదు కదా అనుకోవద్దు. ఏళ్ల ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారి, చేత్తో రాస్తే సుద్దలాంటి పొడి వస్తుంది. ఆ తర్వాత పగుళ్లు. ఫైబర్ బల్ల పై పొర పోతే లోపలి గాజు పోగులు పిల్లల తొడలకు గుచ్చుకుంటాయి.

పాత రంగుతో ఇంకో చిక్కు ఉంది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి. 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంత సీసం ఉందో చూసి చెప్పలేం. అందుకని పాత రంగును పొడిగా గీకి దుమ్ము లేపకూడదు. తడిపి గీకాలి, ఆ పెచ్చులన్నీ ఎత్తెయ్యాలి. చిన్నపిల్లలు పెచ్చులు పెచ్చులుగా లేచిన రంగును చూస్తే ఏం చేస్తారో తల్లులకు నేను చెప్పాలా!

పడటం తప్పదు, ఎక్కడ పడతారన్నదే ప్రశ్న

ఆటస్థలాల్లో తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పడటం వల్లే. పిల్లలు పడకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ కింద ఏముందన్నది మన చేతుల్లో ఉంది. మన దగ్గర పార్కు ‘నీట్‌గా’ ఉండాలని ఉయ్యాల కింద కూడా పార్కింగ్ టైల్స్ పరిచేస్తారు. ఫొటోకు బాగుంటుంది. తలకు మాత్రం బాగుండదు.

అమెరికాలో వినియోగదారుల భద్రత కమిషన్ 1981 నుంచి ఆటస్థలాల మీద ఒక చిన్న పుస్తకం వేస్తోంది. దాని లెక్క ప్రకారం 9 అంగుళాల మందాన వదులైన ఇసుక ఉంటే సుమారు 4 అడుగుల ఎత్తు నుంచి పడినప్పుడు తలకు రక్షణ. అదే 9 అంగుళాల చెక్కపొట్టు ముక్కలైతే 10 అడుగుల వరకు. యూరప్ వాళ్లకు దీనికోసం ఈఎన్ 1176, ఈఎన్ 1177 అనే ప్రమాణాలున్నాయి. మొదటిది సామాన్లకు, రెండోది కింద పరిచేదానికి. మన దగ్గర టెండర్లలో కూడా ఈ నంబర్లు కనపడుతుంటాయి. రాయడం వరకు బాగుంది. బిగించేటప్పుడు ఎవరైనా టేపు పెట్టి కొలుస్తున్నారా అన్నదే చూడాలి.

పెన్న ఒడ్డునున్న మనకు ఇసుక కొత్త కాదు. సంగం, సోమశిల పేర్లు చెప్తే మనకు ముందు గుర్తొచ్చేదీ నీళ్లూ ఇసకే. కానీ పోసి వదిలేస్తే లాభం లేదు. ఉయ్యాల కింద పిల్లల కాళ్లు తోసేసి గుంట పడుతుంది. వారానికోసారి పలుగు పారతో కదిలించి సమం చేయాలి. కుక్కలు, మేకలు రాకుండా చుట్టూ తక్కువ ఎత్తు కంచె కావాలి. రబ్బరు పలకలు వేస్తే ఆ బాధ తక్కువ. కానీ ఖరీదు ఎక్కువ, మన ఎండకు అవి కాలతాయి కూడా.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన మెట్ట ప్రాంతంలో పడమటి ఎండకు ఎదురుగా ఇనప జారుడుబల్ల పెట్టారంటే అది జారుడుబల్ల కాదు, అట్లపెనం! సాయంత్రం 5 గంటలకు కూడా దాని మీద చెయ్యి పెట్టలేం. కొత్తది పెట్టేటప్పుడు బల్ల ఉత్తరం వైపు దిగేలా పెడితే కొంత నయం. అన్నిటికన్నా నయం నీడ. వేప, కానుగ మన నేలకు అలవాటైన చెట్లు. పరికరాలు పదేళ్లకో పదిహేనేళ్లకో మారతాయి, చెట్టు మాత్రం ముదిరే కొద్దీ బాగుంటుంది. అందుకని పాత పార్కును మార్చేటప్పుడు ఉన్న చెట్లు కొట్టకుండా గీత గీసుకోవడం ప్లానులో మొదటి గీత కావాలి.

ఇంకో కొలత అమ్మలు గుర్తుపెట్టుకోదగ్గది. కడ్డీల మధ్య సందు 9 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉండాలి, లేదా 23 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ ఉండాలి. మధ్యలో ఉంటే ప్రమాదం. ఎందుకంటే చిన్నపిల్లలు కాళ్లు ముందు పెట్టి దూరతారు. ఒళ్లు దూరిపోతుంది, తల ఇరుక్కుంటుంది. అలాగే జారుడుబల్ల పైన బయటికి పొడుచుకొచ్చిన బోల్టు ఉంటే చున్నీ తగులుకుంటుంది. ఆడపిల్లలు చున్నీ నడుముకు కట్టుకుని కాదు, తీసి అమ్మ చేతికిచ్చి ఎక్కాలి.

భయం వేరు, ప్రమాదం వేరు

ఇదంతా చదివి, అయితే ఎత్తైనవన్నీ తీసేస్తే పోలా అనేవాళ్లుంటారు. పోదు. నా సర్వీసులో నేను గమనించింది ఇది. ఎక్కడానికి ఏమీ లేని చోట పిల్లలు గోడ ఎక్కుతారు, వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కుతారు. కోతికొమ్మచ్చి ఆడిన తరం మనది. కొమ్మ వంగుతుందో లేదో చేత్తో చూసుకుని కాలు పెట్టడం అప్పుడే నేర్చుకున్నాం.

ఎత్తు పిల్లలకు కనపడుతుంది. భయపడతారు, నిదానిస్తారు, రేపు ఇంకో మెట్టు ఎక్కుతారు. అది వాళ్లకు కావాల్సిన భయం. పైపు లోపలి తుప్పు కనపడదు. నోరు తెరిచిన కొక్కెం కనపడదు. దాని గురించి జాగ్రత్తపడే వీలు పిల్లలకు లేదు. మనం తీసేయాల్సింది ఈ రెండోదాన్ని, మొదటిదాన్ని కాదు. డెన్మార్క్‌లో రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగానే 1943లో ఎమ్‌డ్రప్ అనే చోట పిల్లలకు చెక్కలు, మేకులు, సుత్తులు ఇచ్చి వాళ్లకు తోచింది కట్టుకోమని ఒక ఆటస్థలం పెట్టారు. పక్కన ఒక పెద్దమనిషి ఉండేవాడు. ప్రపంచమంతా దాన్ని చూసి నేర్చుకుంది. సాహసం ఉండాలి, దగాపడటం ఉండకూడదు. తేడా అంతే.

ఒడ్డున కూర్చునే పిల్లలు

నేను పనిచేసిన ఒక బళ్లో కాలికి క్యాలిపర్లు వేసుకునే పిల్ల ఉండేది. ఆటల పీరియడులో అందరి చెప్పులు, పలకలు ఆ పిల్ల కాపలా. నవ్వుతూనే కాపలా కాసేది. ఇప్పటి పార్కుల్లో కూడా చూడండి, చక్రాల కుర్చీ పిల్లలు గేటు దాటి లోపలికి రాగలిగితే గొప్ప. గేటు దగ్గర బైకులు రాకుండా అడ్డం పెట్టే ఇనప కడ్డీలు చక్రాల కుర్చీని కూడా ఆపేస్తాయి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాళ్లకూ ఆటల్లో, వినోదంలో సమాన వాటా ఉందని చెప్తోంది. మన పొరుగున బెంగళూరులో ‘కిలికిలి’ అనే సంస్థ తల్లిదండ్రులను కలుపుకుని కోల్స్ పార్కు లాంటి పార్కుల్లో అందరు పిల్లలూ కలిసి ఆడే చోట్లు చేయించింది. విశాఖ బీచ్ రోడ్డులో ‘ఆల్ ఎబిలిటీస్ పార్కు’ వచ్చింది. అంత పెద్దవి మన ఊళ్లకు అక్కర్లేదు. గేటు నుంచి ఉయ్యాల దాకా గట్టి, సమతలమైన దారి, వీపు ఆనించుకునే బెల్టు ఉయ్యాల ఒకటి, కూర్చుని ఆడే ఇసుక తొట్టి నడుమెత్తులో ఒకటి. పాతవి మార్చేటప్పుడే ఇవి కలిపితే అదనంగా అయ్యేది తక్కువ. తర్వాత విడిగా పెట్టాలంటే మళ్లీ తవ్వకమే.

ముందు నోటుపుస్తకం, తర్వాతే టెండరు

పాత ఆటస్థలాన్ని మార్చడమంటే క్యాటలాగు తెరిచి రంగురంగుల బొమ్మ చూసి ఆర్డరు పెట్టడం కాదు. దానికి ముందు చేయాల్సిన పని నోటుపుస్తకంతో మొదలవుతుంది.

ఊళ్లో ఉన్న ప్రతి ఉయ్యాలకు, జారుడుబల్లకు ఒక నంబరు ఇవ్వాలి. ఏ సంవత్సరం పెట్టారు, ఎవరు చేశారు, ఏం విరిగింది, ఎప్పుడు బాగుచేశారు, ఒక ఫొటో. ఇంతే. ఈ పుస్తకం ఉంటే సగం పని అయినట్టే. యూరప్ పద్ధతిలో తనిఖీ మూడు రకాలు. రోజూ లేదా వారానికోసారి కంటితో చూసేది ఒకటి. నెల నుంచి మూడు నెలలకోసారి బోల్టులు, గొలుసులు పట్టి చూసేది రెండోది. ఏడాదికోసారి పునాది దాకా తవ్వి చూసేది మూడోది. మొదటిది వాచ్‌మన్ చేయగలడు. రెండోది ఫిట్టరు చేయగలడు. మూడోదానికి ఇంజినీరు కావాలి.

చూశాక మూడు కుప్పలు చేయాలి. ఈ రోజే తాడు కట్టి మూసేయాల్సినవి. బాగుచేస్తే నాలుగేళ్లు నడిచేవి. వచ్చే రెండు మూడేళ్లలో మార్చాల్సినవి. అన్నీ ఒకేసారి పీకేయడం మహా తప్పు. పీకడానికి ఒక పూట చాలు, పెట్టడానికి రెండేళ్లు పడుతుంది. అప్పుడు ఐదేళ్ల పిల్ల ఏడేళ్లదై ఉంటుంది. పెద్దవాళ్లకు రెండేళ్లంటే ఒక బడ్జెట్టు అటూ ఇటూ. పిల్లలకు అది బాల్యంలో పెద్ద ముక్క. అందుకే కొత్తది వచ్చే తేదీ ఖాయమయ్యాకే పాతది కదిలించాలి. మరీ ప్రమాదమైనవి వెంటనే తీసేసినా, ఆ చోట తాత్కాలికంగా ఏదైనా ఉండాలి. ఇసుక గుట్ట, తొక్కుడుబిళ్ల గళ్లు, పాత లారీ టైర్లు. బెంగళూరుకు చెందిన ‘ఆంట్‌హిల్ క్రియేషన్స్’ వాళ్లు పాత టైర్లతోనే దేశమంతా ఆటస్థలాలు చేస్తున్నారు. అయితే టైరుకు కింద చిల్లులు పెట్టాలి, లేకపోతే నీళ్లు నిలిచి దోమలకు ఆటస్థలం అవుతుంది.

ఇక డబ్బు లెక్క. లెక్క కోసం అనుకుందాం, ఒక పార్కులో 6 సామాన్లు, ఒక్కోటి లక్షన్నర, మొత్తం 9 లక్షలు. అవి 12 ఏళ్లు వస్తాయనుకుంటే ఏడాదికి 75 వేలు పక్కన పెట్టాలి. దానికి మరమ్మతులకు ఇంకొంత. ఈ పని చేయకపోతే పన్నెండో ఏట 9 లక్షలు ఎక్కడివని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇంట్లో ఆడవాళ్లు చిట్టీ వేసి ఫ్రిజ్ కొంటారు కదా, అదే సూత్రం.

క్యాలెండరు కూడా మన వానలను బట్టి వేసుకోవాలి. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుప్పు లోపలికి దిగేది అప్పుడే. కాబట్టి పెద్ద తనిఖీ జనవరిలో, సంక్రాంతి అయ్యాక చేస్తే మంచిది. వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్టు తయారయ్యేది కూడా ఆ రోజుల్లోనే. జనవరిలో చూసి, ఫిబ్రవరిలో ప్రతిపాదన పెట్టి, మార్చిలో మరమ్మతులు చేస్తే ఏప్రిల్ నెలాఖరున ఎండాకాలం సెలవులకు పిల్లలకు పార్కు సిద్ధం.

టెండరులో నాలుగు మాటలు తప్పకుండా ఉండాలి. పైపులకు రంగు మాత్రమే కాదు, వేడి జింకులో ముంచిన పూత. విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో రాతపూర్వకంగా. కింద పరిచేది కూడా అదే కాంట్రాక్టులో. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు విడిగా, ఐదు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు విడిగా. ఉయ్యాలకు చోటు ఎంత కావాలో కూడా చూసుకోవాలి. పై కడ్డీ 8 అడుగుల ఎత్తుంటే ముందు 16, వెనక 16 అడుగులు ఖాళీ ఉండాలని అమెరికా పుస్తకం చెప్తుంది. చిన్న పార్కులో ఆ చోటు లేకపోతే ఉయ్యాల బదులు వేరేది పెట్టుకోవడమే తెలివి.

పాతది ఎక్కడికి పోతుంది?

ఇది ఎవరూ అడగని ప్రశ్న. పార్కులోంచి తీసిన జారుడుబల్ల చాలాసార్లు పాత ఇనుము కొట్టుకు పోదు. “ఇంకా బాగానే ఉంది కదా” అని ఎవరో ఒక పెద్దమనిషి దాన్ని పక్క పల్లెలో బడికో, అంగన్‌వాడీకో పంపుతాడు. దానికో రంగు వేస్తారు, ఒక ఫొటో దిగుతారు. పట్నం పిల్లలకు ప్రమాదమని తీసేసింది పల్లె పిల్లలకు కానుక ఎలా అవుతుంది? తీసేసిన సామానును అక్కడికక్కడే కట్టర్‌తో రెండు ముక్కలు చేసి తుక్కు కింద వేలం వేయాలి. ఆ డబ్బు పార్కు ఖాతాలోకే రావాలి. నా మాట కఠినంగా ఉందనిపిస్తే, ఆ బల్ల మీద మీ మనవణ్ణి ఎక్కిస్తారా అని ఒకసారి ఆలోచించండి.

ఆత్మకూరుకు ఒక దారి, ఉదయగిరికి ఒక దారి

మన రెండు ఊళ్లకు చట్టం చూపించే దారులు వేరు. ఆత్మకూరు మున్సిపాలిటీ. రాజ్యాంగం 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని పేరు పెట్టి మరీ రాశారు. అంటే రోడ్డు, కుళాయి ఎలాగో ఉయ్యాల కూడా అలాగే పట్టణ పాలన పని. 2015లో మొదలైన అమృత్ పథకం లక్ష జనాభా దాటిన నెల్లూరు లాంటి నగరాలకు వచ్చింది. అందులో రెండున్నర శాతం వరకు పచ్చదనానికి, పిల్లలకు అనువైన పార్కులకు కేటాయించారు. 2021లో వచ్చిన రెండో విడతలో చిన్న పట్టణాలను కూడా చేర్చారు. అయితే అందులో పెద్దపీట నీళ్లకే. కాబట్టి మున్సిపాలిటీ సొంత బడ్జెట్టులో ఒక పద్దు ఉండటమే నిలకడైన దారి.

ఉదయగిరి పంచాయతీ. దానికి వర్తించే పదకొండో షెడ్యూలులో ఆటస్థలం అన్న మాట లేదు గానీ ‘సామాజిక ఆస్తుల నిర్వహణ’ అని ఉంది. ఆర్థిక సంఘం నిధుల్లో షరతులు లేని వాటాను ఊరి అవసరాలకు వాడుకోవచ్చు. దానికి గ్రామసభలో పేరు పెట్టి అడిగే మనిషి ఉండాలి. పైగా పల్లెల్లో అసలైన ఆటస్థలం బడి ఆవరణే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. సాయంత్రాలు, సెలవుల్లో ఆ గేటు తెరిచి ఉంచే ఏర్పాటు ఉంటే కొత్తగా స్థలం వెతుక్కోవాల్సిన పని సగం తప్పుతుంది.

ఉదయగిరికి ఇంకో సంపద ఉంది, చెక్క పని. చెంచాలు, గరిటెలు చేసి జీఐ గుర్తింపు తెచ్చుకున్న చేతులవి. నోట్లో పెట్టుకునే చెంచాకు ఒక్క పేడు లేవకుండా నున్న చేసే మనుషులు మన మధ్య ఉన్నారు. ఉయ్యాల స్తంభాలు వాళ్ల పని కాదు, అది ఇంజినీరు లెక్క. కానీ నీడ పట్టున చిన్నపిల్లలు తిప్పి, తట్టి, చప్పుడు చేసి ఆడుకునే చెక్క బోర్డులు వాళ్లతో చేయిస్తే? ఎండావానలకు అవి త్వరగా పాడవుతాయి నిజమే. అయితే ఏడాదికోసారి మార్చే మనిషి పక్క వీధిలోనే ఉంటాడు. వేల కిలోమీటర్ల దూరంలోని కంపెనీ విడిభాగం కోసం ఎదురుచూడక్కర్లేదు.

1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, దానికోసం పెద్ద గుడి కట్టించాడు. ఆ కథ మనం గర్వంగా చెప్పుకుంటాం. రాతి బాలుడికి గుడి కట్టిన కథ చెప్పుకునే ఊరు, నడిచే బాలలకు నాలుగు ఉయ్యాలలు సరిగా ఉంచలేదా?

సాయంత్రం పది నిమిషాలు

ఇవన్నీ అధికారులే చూడాలని కూర్చోవద్దు. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లినప్పుడు మనమే చేయగల చిన్న పరీక్ష ఇది.

కొక్కెం నోరు మూసి ఉందా, గొలుసు లింకు సగం అరిగిందా చూడండి. స్తంభం పట్టుకుని గట్టిగా ఊపండి, కదిలితే పిల్లల్ని ఎక్కించకండి. మొదట్లో మట్టి పక్కకు తీసి తుప్పు చూడండి. జారుడుబల్ల మీద ముందు మీ అరచేయి ఆనించండి, కాలితే చీకటి పడనివ్వండి. కింద సిమెంటు ఉందా, ఇసుక ఉందా, అందులో గాజుపెంకులు ఉన్నాయా చూడండి. కడ్డీల సందు కొలవడానికి టేపు అక్కర్లేదు, మీ జానతో అంచనా వేసుకోవచ్చు. ఇంకోమాట, పెద్దవాళ్లు ఉయ్యాల ఎక్కొద్దు. సగం కొక్కేలు అరిగేది మన బరువుకే!

లోపం కనపడితే ఫొటో తీయండి. తేదీ, ఏ సామాను అన్నది రాసి పట్టణంలోనైతే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి, పల్లెలోనైతే సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటుకు ఇవ్వండి. కదలకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి. అర్జీలో “తీసేయండి” అని మాత్రం రాయకండి. “బాగుచేయండి, లేదా కొత్తది పెట్టాక తీయండి” అని రాయండి. ఆ ఒక్క మాట తేడాలో పిల్లల ఆట ఉంది.

కొత్తవి ఎంపిక చేసే ముందు పిల్లల్ని అడగడం మరవద్దు. మా వీధి పిలకాయలను నేను అడిగి చూశా. రాకెట్ బొమ్మలు, డైనోసార్లు అంటారనుకుంటే ఒకడు “ఇద్దరం ఒకేసారి ఊగేది కావాల” అన్నాడు. ఇంకో పిల్ల “తాగే నీళ్లు కావాల” అంది. మూడో పిల్ల “చీకటి పడ్డాక లైటు ఎలగాల” అంది. క్యాటలాగులో ఈ మూడూ ఉండవు. ప్లానులో ఉండాలి.

వచ్చే జనవరి ఎంతో దూరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక సుత్తి, ఒక టేపు. మొదలుపెట్టడానికి ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు.